చిలుకచదువు - జీవశాస్త్ర పరిభాష

పదవ తరగతి చదువుచున్న బాలు నొకనిని బిలిచి, కిరణజన్యసంయోగక్రియ యన నేమని యడుగుడు. తడుముకొనక నిర్వచనమును వల్లించును. అందు కిరణ మెక్కడిది, జన్యమనగా నేమి, దేనికి దేనితో సంయోగము కలిగినదని మరల నడుగుడు. తెల్లబోయి మీ మొగము చూచును. వాడు బుద్ధిహీనుడు గాడు. మనము వానికి పదము నిచ్చితిమి, పదార్థము నీయలేదు.

నేడు మన పాఠశాలలలో జీవశాస్త్రమనగా పదముల మూటయైనది. పాఠము చివర కీలకపదములు బారులు తీర్చి యుండును. బాలుడు వానిని తెల్లవారుజామున వల్లెవేయును, పరీక్షలో వ్రాయును, వేసవి సెలవులలో మరచును. ఇది చూచి పెద్దలు చేయు తీర్మాన మేమి? తెలుగు పదములు కొరుకుడు పడవు, ఇంగ్లీషే మేలు అని! ఈ తీర్మానమును మేము ఖండించుచున్నాము. దోషము పదమునందు లేదు, నేర్పు రీతియందున్నది.

ఇంగ్లీషు పదములు సులభములను వారిని మేమొక్క మాట యడిగెదము. క్రోమోజోము, మైటోకాండ్రియా యనునవి ఆంగ్లేయ మాత తన బిడ్డకు ఉగ్గుపాలతో నేర్పిన మాటలా? క్రోమోజోమను పేరు 1888లో వాల్డేయరను జర్మను పండితుడు పెట్టెను. అద్దకము వేసిన రంగును గాఢముగా పట్టును గనుక, గ్రీకు మాటలతో దానికి రంగుదేహమని పేరిడెను. 1898లో బెండా యను మరియొక జర్మనుడు దారము, రేణువు అను గ్రీకు మాటలను గలిపి మైటోకాండ్రియా యనెను. లండను బాలునికిని ఇవి పరభాషా పదములే. వాడును వానిని విడదీసి తెలిసికొనవలసినదే.

ఇక మన పదముల సంగతి చూతము. పెరటిలోని మందారమును గోసి బాలుని చేతికిండు. మొగ్గను కాపాడు పచ్చని తొడుగు రక్షకపత్రములు. పిట్టలను, పురుగులను పిలుచు ఎఱ్ఱని రేకులు ఆకర్షణపత్రములు. పేరులోనే పని యున్నది. ఇంగ్లీషువారి పెటల్ అను మాటకు గ్రీకున ఆకు అనియే యర్థము. ఆకర్షణ ప్రసక్తి యందు లేదు. నడుమ గొట్టముపై నంటియున్న పసుపుపొడి పుప్పొడి. పూవు, పొడి: ఇంతకంటె తేటయైన పద మెందున్నది?

రాత్రి నానవేసిన పెసరగింజను ఉదయమున నొక్కిన రెండు బద్దలగును, అదియే ద్విదళబీజము. మొక్కజొన్న గింజ యట్లు విడదు; అది ఏకదళబీజము. తిరగలిలో కందులు విసరిన ప్రతి యవ్వయు నీ భేదము నెఱుగును. తల్లివేరు, ఈనె యనునవి మన రైతు నోటినుండి పుస్తకమున కెక్కిన మాటలు. వీనిని కంఠస్థము చేయవలసిన పనియే లేదు.

మన పరిభాష యంతయు నిర్దుష్టమని మేము చెప్పబోము. బాష్పోత్సేకమను పదము పెద్దలకును నాలుక తిరుగదు. కాని పదమునకు ముందు వస్తువును చూపుడు. ఎండలోనున్న కొమ్మకు పలుచని ప్లాస్టికు సంచి తొడిగి, మూతి గట్టి, కొంతసేపటికి చూడుడు; లోపల నీటిబొట్లు నిలుచును. ఆకునుండి ఆవిరి వెడలుటను కన్నులార చూచిన పిమ్మట, బాష్పమనగా ఆవిరి యని చెప్పిన చాలును. ఆ పదమిక వానిని భయపెట్టదు.

వట్టి పదమును నమ్మిన నెట్లు మోసపోవుదుమో వినుడు. 1665లో రాబర్టు హుక్ బెండుముక్కను సూక్ష్మదర్శినిలో చూచి, అందలి గూళ్లకు చిన్నగది యను నర్థముగల సెల్ అను పేరు పెట్టెను. ఆయన చూచినవి జీవము పోయిన కణముల గోడలు! ఆ పేరే నేడు సజీవమైన కణమునకు నిలిచినది. మన కణమను పదమునకో, రేణువని యర్థము. గది యన్నను రేణువన్నను సత్యము సగమే. తక్కిన సగము కంటితో చూచి తెలిసికొనవలసినది.

వైద్యవిద్య కేగు బాలునకు ఇంగ్లీషు పదములు వలదా యని కొందరడుగుదురు. తప్పక కావలయును. వానిని సైతము విప్పియే నేర్పుడు. హైపర్ అనగా అధికము, హైపో యనగా తక్కువ, ఐటిస్ అనగా మంటతో గూడిన వాపు. ఈ మూడును తెలిసినవానికి అనేక రోగముల పేర్లు సగము విడిపోవును. తన భాషలో పదమును విప్పుట యలవడినవాడు పరభాషలోను విప్పగలడు. చిలుకకు మాత్రము రెండు భాషలును ఒక్కటే.

1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిన పెద్దలు శాస్త్రమును తెలుగున పలికింప సాహసించిరి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఆ భారమును తలకెత్తుకొనెను. వారు కూర్చిన పదములను మన బిడ్డలు అర్థమెఱుగక వల్లించుట వారికిని అవమానము, మనకును అవమానము.

ఉపాధ్యాయులారా! నల్లబల్లపై పదమును వ్రాయుటకు ముందు బల్లపై పూవు నుంచుడు. తల్లిదండ్రులారా! బాలుడెన్ని పదములు నేర్చెనని యడుగకుడు. నేర్చిన పదమును వస్తువులో చూపుమనుడు. పఠనమందిరముల వారలారా! మీ బల్లపై పత్రికల ప్రక్కన ఒక భూతద్దమును నుంచుడు. వల్లించుటకు చిలుకలు చాలును. మనకు కావలసినవారు చూచువారు.