శాసనసభ్యునికి మార్కులు వేసేదెవరు?

బడికి వెళ్లే పిల్లవాడు పరీక్షలు ముగిసిన వెంటనే ప్రగతి పత్రం తెచ్చి తండ్రి సంతకం కోసం నిలబడతాడు. లెక్కల్లో మార్కులు తగ్గితే ఇంట్లో విచారణ తప్పదు. కాని ఐదేళ్లపాటు మన తరఫున శాసనసభలో కూర్చునే ప్రతినిధి ఏ ప్రగతి పత్రమూ తీసుకురాడు. మనమూ అడగము. ఎన్నికలు దగ్గరపడ్డాక మనకు గుర్తుకు వచ్చేవి ఆయన ఎవరి నికాహ్‌కు హాజరయ్యాడు, ఎవరి జనాజాకు వచ్చాడు, ఎవరికి సిఫారసు లేఖ ఇచ్చాడు అన్న విషయాలే. ఇవి మంచి పనులే, సందేహం లేదు. అయితే మనం ఆయనను సభకు పంపింది వీటి కోసం కాదు.

తెలంగాణలో 119 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది శాసనసభ్యులను ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు. వారికి అప్పగించిన ప్రధాన బాధ్యతలు మూడు: చట్టాలను పరిశీలించి చర్చించడం, ఖజానా సొమ్ము ఎక్కడ ఎంత ఖర్చు కావాలో చూసి ఆమోదించడం, ప్రభుత్వాన్ని ప్రశ్నించి జవాబు రాబట్టడం. ఒక ఉదాహరణ చూద్దాం. తెలంగాణలో షాదీ ముబారక్ పథకం కింద ఆడపిల్ల పెళ్లికి లభించే 1,00,116 రూపాయల చెక్కును చాలాచోట్ల శాసనసభ్యులే స్వయంగా అందజేస్తారు. పుచ్చుకునే తల్లి కళ్లలో కృతజ్ఞత కనిపిస్తుంది. కాని ఆ సొమ్ము ఆయన సొంతం కాదు, సభ ఆమోదించిన బడ్జెట్ నుంచి వచ్చిన ప్రజాధనం. పెళ్లి జరిగి నెలలు గడిచినా చెక్కు రాకపోతే, కారణమేమిటని సభలో మంత్రిని నిలదీయడమే ఆయన అసలు పని. చెక్కు ఇచ్చిన చేతిని గుర్తుంచుకునే మనం ఆ ప్రశ్న అడిగిన గొంతును కూడా గుర్తుంచుకోవద్దా?

అసలు సభ ఎన్ని రోజులు జరుగుతోంది? రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి వ్యవధి ఉండరాదని రాజ్యాంగంలోని 174వ అధికరణం చెబుతున్నది. ఏడాదికి ఇన్ని రోజులు జరగాలన్న నియమం మాత్రం అందులో లేదు. 70 లేదా అంతకు మించి సభ్యులున్న శాసనసభలు ఏటా కనీసం 90 రోజులు సమావేశం కావాలని రాజ్యాంగ పనితీరుపై నియమితమైన జాతీయ సమీక్షా కమిషన్ 2002లో సిఫారసు చేసింది. పీఆర్ఎస్ అనే పరిశోధనా సంస్థ లెక్కల ప్రకారం ఇటీవలి సంవత్సరాల్లో రాష్ట్ర శాసనసభల సగటు పాతిక రోజులకు లోపే ఉంది. అనుమతి లేకుండా 60 రోజులు గైర్హాజరైన సభ్యుని స్థానాన్ని ఖాళీ అయినట్లు ప్రకటించే అధికారం 190వ అధికరణం సభకు ఇచ్చింది. కాని సమావేశాలు ముగించిన కాలమూ, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలమూ ఆ లెక్కలో చేరవు. ఏడాదికి పాతిక రోజులైనా జరగని సభలో ఆ 60 రోజులు నిండేదెప్పుడు? కనుక హాజరు లెక్క చూసుకోవలసిన వాడు ఓటరే.

ఇటువంటి ప్రయత్నం మన దేశంలో లేకపోలేదు. ముంబయిలో ప్రజా ఫౌండేషన్ అనే సంస్థ ఆ నగర శాసనసభ్యుల ప్రగతి పత్రాలను ప్రచురిస్తున్నది. హాజరు, అడిగిన ప్రశ్నల సంఖ్య, వాటి నాణ్యత, నేరారోపణల వివరాలు, నియోజకవర్గ ప్రజల అభిప్రాయం మొదలైనవి దానికి ఆధారాలు. ప్రశ్నలు అడగడం మంత్రుల పని కాదు, జవాబు చెప్పడం వారి పని. అందుచేత మంత్రులను ఆ పట్టికలో చేర్చరు. ఈ పాటి న్యాయదృష్టి మనకూ అవసరం.

మార్కులు వేయడంలోనూ జాగ్రత్త కావాలి. సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాము. పది పనికిరాని ప్రశ్నల కన్నా ఉర్దూ మాధ్యమ బడుల్లో ఉపాధ్యాయ ఖాళీల గురించి అడిగిన ఒక్క ప్రశ్న విలువైనది. సభ్యుడు ఏ బిల్లుకు ఓటు వేశాడన్నదానిని బట్టి కూడా ఆయన మనసు పూర్తిగా తెలియదు. 1985లో వచ్చిన పార్టీ ఫిరాయింపుల నిషేధ చట్టం వల్ల విప్‌ను ధిక్కరించిన సభ్యుడు పదవినే పోగొట్టుకునే ప్రమాదం ఉంది. కాబట్టి ఓటు కన్నా చర్చలో ఆయన ఏమి మాట్లాడాడో, అసలు నోరు విప్పాడో లేదో చూడాలి.

తెలుసుకునే మార్గాలు మన ముందే ఉన్నాయి. అభ్యర్థుల నేరారోపణలు, ఆస్తులు, విద్యార్హతలు తెలుసుకోవడం ఓటరు హక్కు అని అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది. ఆ హక్కును కుదిస్తూ తెచ్చిన చట్ట సవరణను 2003లో కొట్టివేసింది. నాటి నుంచి ప్రతి అభ్యర్థి ప్రమాణపత్రమూ అందరికీ అందుబాటులో ఉంటున్నది. అందులో లేని వివరాల కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద శాసనసభ సచివాలయానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఓటు ఒక సాక్ష్యం. ఈ వ్యక్తి ఈ పనికి తగినవాడని మనం ఇచ్చే వాఙ్మూలం అది. స్వంత మనుషులకు, చివరకు తమకే వ్యతిరేకమైనా సరే న్యాయంగా సాక్ష్యం పలకాలన్నది దివ్య ఖురాన్ నిసా సూరా 135వ ఆయత్ బోధ. అటువంటప్పుడు మనవాడని ఎక్కువ మార్కులు, పరాయివాడని తక్కువ మార్కులు వేయడం ఎలా తగుతుంది? సలాం చెప్పి నవ్వే సభ్యుడు సభలో మౌనంగా కూర్చుంటే ఆ మౌనాన్ని లెక్కించాలి. మన మతస్థుడు కాని సభ్యుడు మన వీధి మురుగునీటి గురించి గట్టిగా అడిగితే ఆ మాటనూ లెక్కించాలి.

ఈ పని మొదలు పెట్టడానికి ఒక నోటు పుస్తకం చాలు. ప్రతి సమావేశం ముగిశాక ఇంటిల్లిపాదీ కూర్చుని మన సభ్యుడు ఎన్ని రోజులు హాజరయ్యాడు, ఏమి అడిగాడు, ఏ జవాబు రాబట్టాడు, ఇచ్చిన మాటల్లో ఏది నెరవేర్చాడు అన్న నాలుగు సంగతులు రాసుకోవాలి. రాసే పని కళాశాలకు వెళ్లే అమ్మాయికి అప్పగించండి. అయిదేళ్లు గడిచి ఆయన మళ్లీ మన గడప ముందుకు వచ్చినప్పుడు ఆ పుస్తకాన్ని ఆయన ఎదుటే తెరవండి. జవాబు చెప్పుకునే అవకాశం కూడా ఇవ్వండి. ఆ తరువాతే మార్కులు వేయండి.