మన వాయిదాకు పరిశుద్ధాత్మ పేరు పెట్టొద్దు



ఈ మధ్య మన మధ్య ఒక మాట భక్తిగా చెలామణి అవుతోంది. "ముందుగా ఏమీ సిద్ధపడను. నిలబడ్డాక ఆత్మ ఏది ఇస్తే అది చెప్తాను." కాపరులే కాదు, సండే స్కూల్ టీచర్లు, యూత్ మీటింగులో మాట్లాడే తమ్ముళ్లు, స్త్రీల కూడికలో వాక్యం అందించే అక్కలు కూడా ఇదే అంటున్నారు. వినేవాళ్లు ఆమేన్ అంటున్నారు. నేను అనను. చాలాసార్లు అది విశ్వాసం కాదు, వాయిదా. ఆ వాయిదాకు తెల్లబట్టలు తొడిగి పుల్పిట్ ఎక్కిస్తున్నాం.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. కొన్నేళ్ల క్రితం, సంక్రాంతి దాటిన ఆదివారం. ఆ వారమంతా రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూ గడిపాను. శనివారం రాత్రి పదకొండు గంటలకు బైబిలు తెరిచి, ఏమీ తోచక, ఫోనులో ఎవరిదో వర్తమానం విని నాలుగు పాయింట్లు రాసుకున్నాను. పొద్దున గొంతు పోయేలా అరిచాను. చప్పట్లు కూడా వచ్చాయి. ఆరాధన అయ్యాక ఒక తల్లి వచ్చి అడిగింది: "అయ్యగారూ, రేపు సుగ్గికి పోతాండాం. నాలుగు నెల్లు గుడి మొగం చూడము. ఈ పొద్దు చెప్పిన దాంట్లో యా మాట పట్టుకోని పోవాల?"

నా దగ్గర జవాబు లేదు. నేనే ఒక మాట పట్టుకోలేదు, ఆమెకేం ఇస్తాను? ప్రార్థన చేసి పంపించాను. సోమవారం ఆ ఇంటికి తాళం పడింది. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి పల్లెల్లో ఆ తాళాలు మీరందరూ చూసినవే. పిల్లాపాపలతో గుంటూరు మిరప చేలకు పోయేవాళ్లకు ఆ చివరి ఆదివారం వాక్యమే సద్దిమూట. నేను ఖాళీ మూట కట్టి ఇచ్చాను.

ఇప్పుడు లేఖనానికి వద్దాం. అందరూ చూపించేది మత్తయి 10వ అధ్యాయం 19వ వచనం. ఏం చెప్పాలో అని చింతపడొద్దని ప్రభువు అన్నమాట నిజమే. ఎవరితో అన్నాడు? తన నిమిత్తం పట్టబడి, అధిపతుల ముందుకు, రాజుల ముందుకు ఈడ్వబడేవాళ్లతో. ఆరు రోజులు చేతిలో ఉండి, ఆరూ పోగొట్టుకున్నవాళ్లతో కాదు.

పేతురును చూడండి. రాత్రంతా కావలిలో ఉండి, మరునాడు అధికారుల ముందు నిలబడ్డాడు. ఆత్మతో నిండి మాట్లాడాడని అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో ఉంది. ఆ నోట వచ్చిందేమిటి? 118వ కీర్తనలోని మూలరాయి సంగతి. అది ఎప్పటినుంచో ఆయన గుండెలో ఉన్న వాక్యం. ఆత్మ జ్ఞాపకం చేస్తాడని యోహాను 14:26లో ప్రభువు చెప్పాడు. ఎన్నడూ నేర్చుకోనిదాన్ని జ్ఞాపకం చేయడం ఎలా?

"స్పర్జన్ గారు కూడా శనివారం సాయంత్రమే ప్రసంగం సిద్ధం చేసుకునేవారు కదా" అని ఒక సోదరుడు నాతో వాదించాడు. నిజమే. కానీ ఆయన ఇంట్లో దాదాపు 12,000 పుస్తకాలు ఉండేవి. వారమంతా చదివినదాన్ని శనివారం పోతపోసేవారు. మనం ఆయన శనివారాన్ని తీసుకుని, సోమవారం నుంచి శుక్రవారం దాకా వదిలేశాం.

అసలు ఎందుకు వాయిదా వేస్తాం? బద్ధకం ఒక్కటే కాదు. భయం. కూర్చుంటే మన లోపల ఏమీ లేదని తెలిసిపోతుందని భయం. మోషే కూడా నోటి మాంద్యం చూపించి తప్పించుకోబోయాడు. దేవుడు ఆయన్ని వదిలిపెట్టలేదు, అహరోనును తోడిచ్చాడు. భయపడేవానికి దేవుని దగ్గర సహాయముంది. భయాన్ని అభిషేకం అని పిలిచేవాడు ఆ సహాయం అడగనే అడగడు.

మన ఊరు నేతన్నల ఊరు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. నూలుకు గంజి పెట్టాలి, పడుగు సాగదీయాలి, కండెలు చుట్టాలి. ఇంత అయ్యాకే నాడె ఆడుతుంది. పడుగు లేకుండా మగ్గంలో కూర్చుని "దేవుడే నేయిస్తాడు" అనే నేతన్నను ఎవరైనా చూశారా? బట్ట విషయంలో నవ్వే మనం వాక్యం విషయంలో ఆమేన్ అంటున్నాం.

సంఘమా, ఇందులో నీ తప్పూ ఉంది. కాగితం పట్టుకుని మాట్లాడితే ఆత్మ లేదంటావు. గట్టిగా అరిస్తే అభిషేకం అంటావు. వారమంతా కాపరిని పంచాయితీలకు తిప్పి, ఆదివారం కొత్త మన్నా కావాలంటావు.

నేను ఇప్పుడు చేసేది చెప్తాను, మీరూ చేయండి. సోమవారమే వాక్యభాగం చదివి, దాని మీద ఒక ప్రశ్న రాసుకుంటాను. వారం మధ్యలో ఏ ఇంటికి వెళ్లినా ఆ ప్రశ్న నాతో వస్తుంది. గురువారానికి ఒకే ఒక్క వాక్యం రాస్తాను: వినేవాళ్లు ఇంటికి పట్టుకెళ్లాల్సిన మాట. అది బాగా లేకపోయినా రాస్తాను. శుక్రవారం మా ఇంటావిడకు పైకి చదివి వినిపిస్తాను. ఆమె అర్థం కాలేదంటే మళ్లీ కూర్చుంటాను. ఆ తర్వాత నిలబడ్డప్పుడు ఆత్మ దారి మార్చితే మారతాను. సిద్ధపడినవాడే మారగలడు.

దావీదు అరౌనా కళ్లాన్ని ఉచితంగా తీసుకోలేదు. 50 తులముల వెండి ఇచ్చి కొని, ఆ తర్వాతే బలి అర్పించాడు. వెల ఇవ్వని దాన్ని దేవునికి అర్పించనన్నాడు. మన ప్రసంగానికి వెల మన సోమవారం, మన గురువారం.

ఆ తల్లి వేసవిలో తిరిగి వచ్చింది. నేను క్షమించమని అడిగాను. ఆమె నవ్వి ఊరుకుంది. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం నా బల్ల ముందు గోడ మీద రాసి ఉంది. వచ్చే వారం మీలో ఎవరికైనా వాక్యం చెప్పే వంతు ఉంటే, ఈ రాత్రే ఆ ప్రశ్న వేసుకోండి.

ప్రభువు మన వాయిదాలను క్షమించి, మన సిద్ధపాటును దీవించును గాక. ఆమేన్.