గుజ్జు పెంచే మాత్ర ఎక్కడుంది?

పుదుచ్చేరిలో ఏ మందుల షాపు మెట్లెక్కి మోకాళ్ళ నొప్పులన్నా గ్లూకోసమిన్ డబ్బా చేతికొస్తుంది. "మూడు నెలలు వాడండి, గుజ్జు మళ్ళీ వస్తుంది" అన్న భరోసా కొసరు. రాదు. కీళ్ళలో అరిగిన గుజ్జును తిరిగి పెంచుతుందని అమెరికా గానీ ఐరోపా గానీ ఇంతవరకూ ఏ మాత్రకూ అనుమతి ఇవ్వలేదు.

2006లో అమెరికాలో 1,583 మంది మోకాళ్ళ నొప్పుల రోగుల మీద పెద్ద పరీక్ష జరిగింది. మొత్తం మీద చూస్తే గ్లూకోసమిన్, దానితో కలిపి అమ్మే కాండ్రాయిటిన్ రెండూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలలేదు. నొప్పి బాగా ఎక్కువున్న చిన్న గుంపులో మాత్రం ఆ రెండూ కలిపి వాడితే కాస్త ఆశ కనిపించింది. వ్యాపారులు ఇరవై ఏళ్ళుగా ఆ ఒక్క ముక్క పట్టుకునే వేలాడుతున్నారు!

అసలు పరిశోధన వేరేచోట జరుగుతోంది, దాన్ని నేను కాదనను. 2012లో శాస్త్రవేత్త పీటర్ షుల్ట్జ్ బృందం 22,000 అణువులను జల్లెడ పట్టి కార్టోజెనిన్‌ను పట్టుకుంది. అది మూలకణాలను గుజ్జు కణాల దారి పట్టించింది, ఎలుకల కీళ్ళలో పనిచేసింది. షాపుకు మాత్రం ఇంకా రాలేదు. మోకాలిలోకి సూదితో ఎక్కించే లోరెసివివింట్ అనే మరో మందు మనుషుల దాకా వచ్చి, మూడో దశ పరీక్షలో నొప్పి తగ్గించాలన్న ప్రధాన లక్ష్యం దగ్గరే బోల్తా పడింది. ఎందుకింత కష్టం? గుజ్జులో రక్తనాళాలు లేవు, కణాలూ తక్కువే. మింగిన మందు అక్కడికి సరిగా చేరదు. కీలులోకి ఎక్కించిన చిన్న అణువేమో గంటల్లో బయటికి జారుకుంటుంది. మహామహులు తంటాలు పడుతున్న పనిని ఈ డబ్బా మూడు నెలల్లో చేసేస్తుందట!

డబ్బా తిప్పి చూడండి. ఆహార పూరకమైతే దాని మీదే ఇంగ్లీషులో ఉంటుంది, ఔషధంగా వాడేందుకు కాదని. 1954 నాటి చట్టం కీళ్ళవాతం నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించింది. మందంటే చట్టానికి దొరుకుతారు కాబట్టి ఆహారమంటారు. ఆహారమంటే ఎవరూ కొనరు కాబట్టి మందులా అమ్ముతారు. 2017లో కేంద్రం మోకీలు మార్పిడి ఆపరేషన్లో పెట్టే కోబాల్ట్ క్రోమియం ఇంప్లాంట్ ధరను రూ. 54,720 దగ్గర కట్టేసింది. ఆపరేషన్‌కు ముందు ఏళ్ళ తరబడి పింఛన్లు మింగే ఈ డబ్బాలకు పగ్గమేదీ?

తొడ కండరాలకు వ్యాయామం, ఒళ్ళు తగ్గడం, ఈ రెండూ మోకాళ్ళ నొప్పి తగ్గిస్తాయనడానికి ఆధారాలున్నాయి. (పుదుచ్చేరిలోని కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రి జిప్మర్ ఓపీలో డాక్టరు ఆ మాటంటే, మందు రాయలేదని మొహం మాడ్చుకునేదీ మనమే.)

పుదుచ్చేరి ఔషధ నియంత్రణ శాఖ ఈ వారమే షాపుల్లోకి దిగాలి. గుజ్జు పెంచుతామని రాసిన ప్రతి డబ్బానూ, ప్రతి పోస్టరునూ కిందికి దించాలి. 2024లో పుదుచ్చేరిలో భాగమైన తెలుగు ప్రాంతం యానాంలో జిప్మర్ 90 పడకల విభాగం తెరిచారు కదా, దాని గుమ్మంలో తెలుగులో పెద్ద బోర్డు కట్టండి: గుజ్జు పెంచే మాత్ర ఇంకా లేదు, ఉందన్నవాడి పేరు మాకు చెప్పండి.