టైడలో ఒక రాత్రి

దుబాయిలో ఉద్యోగం చేస్తున్న మా బావగారు క్రిందటి సంవత్సరం కుటుంబంతో కెన్యా వెళ్ళి, మసాయి మారా అడవిలో తీసిన ఫొటోలను పంపించారు. సింహం పక్కనుండి జీపు వెళ్ళడం, గుడారం వంటి గది ముందు కూర్చుని టీ త్రాగడం చూసి మా పదమూడేళ్ళ అబ్బాయి, "అబ్బా, మనమెప్పుడు వెళ్తాము?" అని అడిగాడు. మేము నవ్వి ఊరుకున్నాము. కాని వాడు ఊరుకోలేదు. కొన్ని రోజులకు అడగడం మానివేశాడు. మమ్మల్ని ఎక్కువగా బాధించినది అదే.

ఒక రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాము. మసాయి మారాలో విదేశీ యాత్రికులకు ప్రవేశ రుసుమే రోజుకు పెద్దవారికి 100 డాలర్లు. జూలై నుండి డిసెంబరు వరకు 200 డాలర్లు. మేమిద్దరము, మా అమ్మీ, మొత్తం ముగ్గురు పెద్దలకు రెండు రోజులకే సుమారు లక్ష రూపాయలు. విమానం, గది, జీపు ఇంకా అందులో చేరలేదు. అమ్మీ ఈ లెక్క విని, "నా ఉమ్రా సొమ్ము ఉన్నది కదా బేటా, ముందు పిల్లవాడి ముచ్చట తీర్చండి" అన్నారు. ఆ సొమ్మును ముట్టుకునే ప్రసక్తే లేదు. కాని ఆ మాట విన్న తర్వాత ఏదో ఒకటి చేయకుండా ఉండలేకపోయాము.

ఆఫ్రికా వెళ్ళివచ్చిన వారు చెప్పే కిటుకు ఒకటున్నది: పార్కు లోపలి బస కంటే గేటు వెలుపలి బస చౌక, రద్దీ కాలం కంటే మామూలు కాలం చౌక. విశాఖలో ఉంటున్న మనకు ఇదే సూత్రం అరకు దారిలో పనికివస్తుంది. అందరూ డిసెంబరు, జనవరులలో అరకులోనే గది వెదుకుతారు. దానికి ముందే, నగరానికి సుమారు 75 కిలోమీటర్ల దూరంలో, తూర్పు కనుమల అడవిలో టైడ ఉన్నది. అక్కడ పర్యాటకాభివృద్ధి సంస్థవారి జంగిల్ బెల్స్ అనే చెక్క కుటీరాల బస ఉన్నది. సెప్టెంబరులో, అదీ ఆదివారం రాత్రికి గది తీసుకున్నాము. ఆదివారం సాయంత్రానికి నగరవాసులంతా కొండ దిగిపోతారు. ఆర్టీసీ బస్సులో శృంగవరపుకోట మీదుగా వెళ్ళాము కనుక కారు అద్దె కూడా మిగిలింది.

మన కుటుంబాలకు ఇటువంటి ప్రయాణాలలో మొదట ఎదురయ్యేది భోజనం సమస్య. ఆ దారి పొడుగునా బొంగు చికెన్ అమ్ముతారు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి మాంసం కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పులమీద కాలుస్తారు. నూనె చుక్క వేయరు. వాసనకే నోరూరుతుంది. కాని ఆ కోడిని ఎవరు, ఎలా కోశారో మనకు తెలియదు. అందుచేత మేము గాజువాకలో మనవారి దుకాణం నుండి జబహ్ చేసిన కోడిని కోయించుకుని, ఇంటివద్దనే మసాలా పట్టించి, ఐసు పెట్టెలో తీసుకువెళ్ళాము. దారి ప్రక్కన కాలుస్తున్న ఒక గిరిజన స్త్రీని, "అమ్మా, మా మాంసాన్ని మీ బొంగులో కాల్చి ఇస్తారా?" అని అడిగితే ఆమె ఏమీ అనుకోలేదు. కొత్త బొంగు నరికించి, కాల్చి ఇచ్చింది. కూలి డబ్బుతో పాటు ఒక ముక్క కూడా ఇవ్వమని అమ్మీ పట్టుబట్టారు. ఆమె రుచి చూసి, మసాలాలో అల్లం ఎక్కువైందని తేల్చి చెప్పింది. నిజమే, ఎక్కువైంది.

నమాజు విషయం బయలుదేరకముందే మా మసీదు ఇమామ్ సాహెబ్‌ను అడిగాము. హనఫీ లెక్కలో ఖస్ర్‌కు 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లు కావాలి. టైడ వరకే అయితే ఆ దూరం అందదు. కాని మా ప్రయాణ సంకల్పం 110 కిలోమీటర్లు దాటిన అరకుకు కనుక ఊరు దాటినప్పటి నుండే ఖస్ర్ చేయవచ్చన్నారు. లోయలో కొండచాటున సూర్యుడు ముందే కనుమరుగవుతాడు. కనుక మగ్రిబ్‌కు ఆకాశాన్ని చూసి మోసపోకుండా సమయ పట్టికను వెంట ఉంచుకోవడం మంచిది.

అడవిలో నడిపించడానికి ఆ ఊరి యువకుడొకడు వచ్చాడు. సింహాలు ఉండవని అబ్బాయి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. కాని ఆ యువకుడు ఎలుగుబంటి గోళ్ళతో తవ్విన చెదపుట్టను చూపించిన తర్వాత వాడు మా చేయి వదిలి అతని వెనుకనే నడిచాడు. ఎర్రచీమలు పచ్చి ఆకులను కుట్టుకుని కట్టిన గూడు, రెండు చెట్ల మధ్య అరచేయంత సాలీడు అల్లిన వల, కొమ్మకు వ్రేలాడే తేనెపట్టు. "నమ్ల్, అన్కబూత్, నహ్ల్" అని మా చిన్నమ్మాయి సూరాల పేర్లు లెక్కపెట్టింది. "ఫీల్ ఎక్కడ?" అని అడిగితే ఆ యువకునికి అర్థం కాలేదు. ఏనుగు అని మేము చెప్పాము. "అవి ఇక్కడ లేవు పాపా" అన్నాడు.

రాత్రి కరెంటు పోయింది. వరండాలో కొవ్వొత్తి వెలిగించి కూర్చున్నాము. కొంతసేపటికి కొండమీద నుండి ఏదో పెద్ద గర్జనవంటి ధ్వని మెల్లమెల్లగా దగ్గరపడింది. చిన్నమ్మాయి అమ్మీ ఒడిలో దూరింది. అమ్మీ మాత్రం చెవియొగ్గి విని, "ఇది మీ దాదా రైలు" అన్నారు.

మా అబ్బా విశాఖ నౌకాశ్రయంలో ఇనుప ఖనిజం ఎగుమతి చేసే చోట ముప్పై సంవత్సరాలు పనిచేశారు. బైలదిల్లా గనుల ఖనిజాన్ని జపానుకు పంపడం కోసమే 1960వ దశకంలో ఈ కొండలను తొలిచి కొత్తవలస–కిరండూల్ మార్గం వేశారు. ఈ దారిలో 58 సొరంగాలున్నాయి. మన ఉక్కు కర్మాగారపు కొలిమికి కూడా ఈ దారినే ఖనిజం వస్తుంది. అబ్బా ఇంటికి వచ్చేసరికి చొక్కా, కనురెప్పలు ఎర్రని ధూళితో నిండి ఉండేవి. అమ్మీ ఆ చొక్కాలను వేరే బకెట్టులో నానబెట్టేవారు. "ఈ మట్టి వచ్చే కొండలను ఒకసారి చూడాలి అనేవారు. సెలవు దొరికితే డబ్బు ఉండేది కాదు, డబ్బు ఉంటే సెలవు దొరికేది కాదు" అన్నారు అమ్మీ.

అబ్బాయి లేచి వరండా అంచుకు వెళ్ళాడు. చెట్ల సందులో ఇంజను దీపం కనిపించి మాయమైంది. వ్యాగన్ల చప్పుడును వాడు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నలభై దాటాక లెక్క తప్పింది. మళ్ళీ ఎప్పుడు వస్తుందని అడిగాడు. రాత్రంతా వస్తూనే ఉంటాయని అమ్మీ చెప్పారు. ఇషా చదివి మేము పడుకున్నాము. వారిద్దరూ ఆ చీకటిలో తర్వాతి రైలు కోసం కూర్చునే ఉన్నారు.