చెట్టు ఎవరిది, తొక్కు ఎవరి శ్రమ?

కార్తీకం దాటగానే మన ఇళ్లలో చింతకాయ తొక్కు మాట మొదలవుతుంది. గింజ గట్టిపడకముందే కాయ తెంపాలి. కడిగి, బట్ట మీద తడి ఆరబెట్టి, ఉప్పూ పసుపూ వేసి కచ్చాపచ్చాగా దంచి జాడీకెత్తాలి. మూడోనాడు తీసి గింజా ఈనే ఏరి మళ్లీ నూరాలి. కిలో కాయకు పావుకిలో ఉప్పు. ఇది అమ్మమ్మల చేతుల నుంచి వచ్చిన లెక్క. కూర లేని పూట ఆదుకునేది ఆ జాడీయే.

కిందటేడు నాచారం పారిశ్రామికవాడలో ఒక ప్రహరీ పక్కన నలుగురు ఆడవాళ్లు దోటితో చింతకాయలు దులుపుతుంటే కాపలా మనిషి అదిలించాడు. "ఏందన్నా, చెట్టును ఎత్తుకపోతున్నమా? రాలిన కాయలే కద!" అందొకామె. అతను కర్ర దించలేదు. వాళ్లు సగం నిండిన సంచులతో వెళ్లిపోయారు. ఆ కాయల్లో కొన్ని ఇంటికి, మిగిలినవి ఉప్పల్ చౌరస్తాలో కుప్పలు పోసి అమ్మడానికి.

ఆమె వేసింది చిన్న ప్రశ్న కాదు. చెట్టు గోడ లోపల, కొమ్మ రోడ్డు మీద. కాయ ఎవరిది?

అడవిలో ఈ ప్రశ్నకు కొంతైనా జవాబుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద అక్కడి ప్రజల హక్కును గుర్తించింది. 2013-14లో మొదలైన మద్దతు ధర పథకంలో చింతపండు కూడా ఉంది. ఊళ్లలో చింతచెట్ల కాపుకు వేలం పాట పెట్టడం ఆనవాయితీ. పాట పాడేది మగవాళ్లు, కాయ కొట్టి గింజ తీసేది ఆడవాళ్లు. నగరంలో ఆ మాత్రం లెక్క కూడా లేదు. నగరపాలక సంస్థ దృష్టిలో చెట్టంటే నీడ, అందం, లేదా రోడ్డు వెడల్పుకు అడ్డం. అది ఒక ఇంటి తిండి అన్న ఆలోచనే లేదు.

చింతపండు గింజ తీసే పని బస్తీల్లో ఇళ్లకే వస్తుంది. కూలి కిలోల లెక్క. వేళ్లు పగిలినా, నడుం పట్టేసినా అది ఇంటిపనిలోనే కలిసిపోతుంది. ఇంటి నుంచి పనిచేసే కార్మికుల కోసం 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. 2024లో అవి 289, 88 అయ్యాయి. ఇద్దరికీ తగ్గింది కానీ వాటా మారలేదు. "మా అమ్మ చేతి తొక్కు" అని మురిసిపోయే మనం ఆ చేతి శ్రమను ఎప్పుడు లెక్కించాం?

చింత ఆఫ్రికా నుంచి వచ్చిందంటారు వృక్షశాస్త్రజ్ఞులు. అరబ్బులు మాత్రం దాన్ని హిందూదేశపు ఖర్జూరం అన్నారు. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. అదే మూసీ ఉప్పల్ పక్కగా పారుతోంది. ఈ చెట్టుకు ఈ నగరం రుణపడి ఉంది.

ఇంకో చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఫ్యాక్టరీ మురుగు పక్కన కాసిన కాయ తినదగ్గదేనా? "అక్కడ ఏరుకోకండి" అని పేదవాళ్లకు బుద్ధులు చెప్పడం తేలిక. మట్టిని పరీక్షించి, ఫలితం బస్తీకి చెప్పి, పాడుచేసిన వాళ్లచేత బాగుచేయించడం ప్రభుత్వం పని.

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదన్న 2002 నాటి వాల్టా చట్టం అమలు కావాలి. రోడ్ల పక్కన పూలచెట్లతో పాటు చింత, మునగ నాటి, కాయ ఏరుకునే హక్కు బస్తీ స్త్రీలకు రాసివ్వాలి. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం పట్టణ కమిటీలోని విక్రేతల ప్రతినిధుల్లో మూడోవంతు స్త్రీలుండాలి. గంప పెట్టుకు కూర్చునే ఆమె అందులో ఉందా అని వెళ్లి అడుగుదాం.

ఈసారి జాడీకి రోలు కడిగేటప్పుడు ఇంట్లో మగవాళ్ల చేతికి రోకలి ఇద్దాం. మొదలు అక్కడినుంచే.