పొలం గట్టు దాటిన ఇంజిన్: రైతు మార్చిన యంత్రాలు, రహదారి చట్టం, విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

రైతు మేళాలలో ఇటీవలి కాలంలో సందర్శకులు ఎక్కువసేపు నిలబడేది రైతులు సొంతంగా కూర్చిన యంత్రాల వద్ద. పాత మోటారు సైకిలు వెనుక చక్రం తీసి రెండు చక్రాలూ గుంటకా బిగించిన బండి, పంపుసెట్టు ఇంజిన్‌తో నడిచే ట్రాలీ, ఇంజిన్ చెడిపోయిన ట్రాక్టరులో మరో కంపెనీ ఇంజిన్ అమర్చి మళ్లీ నడిపిస్తున్న బండి వంటివి ప్రతి జిల్లాలోనూ కనిపిస్తున్నాయి. వీటి గురించి మన కరపత్రాలు మూడు విషయాలు తప్పక రాస్తాయి: రోజుకు ఎన్ని ఎకరాలు చేస్తుంది, ఎకరాకు ఎన్ని లీటర్ల ఇంధనం పడుతుంది, తయారీకి ఎంత ఖర్చయింది. ఆ యంత్రం ఇంటి నుంచి పొలానికి ఏ దారిన వెళుతుందన్న ప్రశ్న మాత్రం వాటిలో ఉండదు. మన రైతుల కమతాలు చాలావరకు ఊరికి దూరంగా, రెండు మూడు చోట్ల చెదిరి ఉంటాయి. మధ్యలో పంచాయతీ రోడ్డో, ఆర్ అండ్ బి రోడ్డో దాటక తప్పదు. మన సాంకేతిక సలహా ఆగిపోయే ఆ చోటే మోటారు వాహనాల చట్టం మొదలవుతుంది.

ఈ యంత్రాల వ్యవసాయ ప్రయోజనాన్ని నేను తక్కువ చేయడం లేదు. గుజరాత్‌లోని అమ్రేలి జిల్లా రైతు మన్సుఖ్‌భాయ్ జగానీ 1994లో రూపొందించిన ‘బుల్లెట్ సాంతీ’ ఇందుకు మంచి ఉదాహరణ. ఎద్దులను మేపలేని కరువు ప్రాంతంలో ఆయన బుల్లెట్ మోటారు సైకిలుకు డీజిల్ ఇంజిన్ అమర్చి, వెనుక చక్రం స్థానంలో రెండు చక్రాల అమరికను, దానికి దున్నే, విత్తే, అంతరకృషి చేసే పనిముట్లను బిగించారు. నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ దానిని గుర్తించింది. పత్తిలో విత్తిన తొలి రెండు నెలలు కలుపు పోటీకి కీలకమైనవి. వాన తెరిపిచ్చిన రెండు మూడు రోజులలోనే నల్లరేగడిలో గుంటక తిరగాలి. అదను తప్పితే ఆ తరువాత ఎంత ఖర్చు పెట్టినా కలుపు మన చేతిలో ఉండదు. కూలీలు దొరకని చోట, ఎడ్లు లేని ఇంట ఇలాంటి తేలికపాటి యంత్రం ఆ అదనును రైతు చేతికి ఇస్తుంది. హైదరాబాద్‌లోని పల్లెసృజన వంటి సంస్థలు ఇలాంటి ఆవిష్కర్తలను వెలుగులోకి తెస్తున్నందుకు మనం సంతోషించాలి.

అయితే ‘దీనికి నంబరే లేదు, కాబట్టి ఇది బండి కిందికి రాదు’ అని రైతులు, కొన్నిచోట్ల మన సిబ్బంది కూడా అనుకుంటారు. చట్టం చెప్పేది దీనికి పూర్తిగా విరుద్ధం. 1988 మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 2(28) ప్రకారం యంత్రశక్తితో నడుస్తూ రోడ్డుపై ఉపయోగించడానికి వీలుగా ఉన్న ప్రతిదీ మోటారు వాహనమే. పట్టాలపై నడిచేవి, ఫ్యాక్టరీ వంటి ఆవరణలలో మాత్రమే వాడే ప్రత్యేక వాహనాలు, 25 సీసీకి మించని ఇంజిన్ కలిగి నాలుగు చక్రాల కన్నా తక్కువ ఉన్నవి మాత్రమే దీనికి మినహాయింపు. ఉత్తరాదిన పంపుసెట్టు ఇంజిన్‌తో నడిచే ‘జుగాడ్’ బండ్ల విషయమై రాజస్థాన్ నుంచి వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2013 మే నెలలో ఈ సంగతిని స్పష్టం చేసింది. జుగాడ్ కూడా మోటారు వాహనమేననీ, చట్టంలోని షరతులు పాటించనిదే రోడ్డుపై తిరగరాదనీ ఆ తీర్పు సారాంశం.

జరిమానా ఇక్కడ చిన్న విషయం. బహిరంగ స్థలంలో తిరిగే వాహనానికి మూడో వ్యక్తికి జరిగే నష్టానికి వర్తించే బీమా ఉండాలని సెక్షన్ 146 చెబుతోంది. రిజిస్ట్రేషన్ లేని బండికి బీమా దొరకదు. రిజిస్ట్రేషన్ ఉన్నా ఇంజిన్ మార్చిన సంగతి నమోదు కాకపోతే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ ముందుగా పట్టుకునేది ఆ లోపాన్నే. ఎదుటి మనిషి ప్రాణం పోతే పరిహారం భారం రైతు మీద పడుతుంది. కూలి ఖర్చులో కొన్ని వేలు ఆదా చేయడానికి చేసిన ప్రయత్నం ఎకరం భూమి అమ్ముకోవడంతో ముగియవచ్చు. ఆదాయ, వ్యయాల పట్టికలో మనం ఈ వరుసను ఎన్నడూ చేర్చలేదు.

ఇంజిన్ మార్చడమే నేరమా అని విద్యార్థులు అడుగుతుంటారు. కాదు. అయితే ఏ మార్పు అన్నది ముఖ్యం. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చరాదని సెక్షన్ 52 చెబుతోంది. కేరళ నుంచి వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సెక్షన్‌ను కచ్చితంగా అన్వయించింది. అరిగిపోయిన ఇంజిన్ స్థానంలో అదే తయారీ, అదే రకం ఇంజిన్ వేయదలచిన రైతుకు దారి ఉంది. రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి తీసుకుని, కొత్త ఇంజిన్ కొనుగోలు బిల్లు, ఇంజిన్ నంబరు చూపి ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. ముందస్తు అనుమతి లేకుండా ఇంజిన్ మార్చవలసి వస్తే 14 రోజులలో తెలియజేయాలని అదే సెక్షన్ నిర్దేశిస్తోంది. హైర్ పర్చేజ్ ఒప్పందంలో ఉన్న బండి అయితే రాతపూర్వక సమ్మతి కూడా కావాలి. ఇంధనం మార్చుకోవడానికి, అంటే సీఎన్‌జీకో బ్యాటరీకో మళ్లడానికి, ఆమోదం పొందిన కిట్ ద్వారా చట్టమే వీలు కల్పించింది. పంపుసెట్టు ఇంజిన్‌ను ట్రాక్టరులో, కారు ఇంజిన్‌ను ట్రాలీలో వేసి రోడ్డెక్కించడానికి మాత్రం నేడు దారి లేదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఇక పొగ సంగతి. ‘పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకున్నాను కదా సార్’ అన్న మాట క్షేత్ర సందర్శనలలో తరచుగా వినిపిస్తుంది. పెట్రోలు బంకు పక్కన డీజిల్ బండికి చేసే పరీక్ష, ఇంజిన్‌ను ఒక్కసారిగా వేగం పెంచినప్పుడు వచ్చే పొగ సాంద్రతను మాత్రమే కొలుస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు అందులో తెలియవు, సూక్ష్మ ధూళి కణాల బరువూ తెలియదు. ఒక ఇంజిన్ ఉద్గార ప్రమాణాలకు తగినదా కాదా అన్నది తయారీ దశలో, ఇంజిన్‌ను వేర్వేరు వేగాలలో, వేర్వేరు భారాలతో నడిపి తేల్చే విషయం. ట్రాక్టర్లు, పవర్ టిల్లర్లు, కోత యంత్రాల పొగకు కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 115ఏ ప్రత్యేకంగా ఉంది. ట్రాక్టరు ఇంజిన్‌కు ఎనిమిది స్థితులలో పరీక్ష జరుగుతుంది. ఒకే వేగంతో తిరిగే జనరేటర్ తరహా ఇంజిన్‌కు ఐదు స్థితులు చాలు. పంపుసెట్టు ఇంజిన్ కూడా స్థిరమైన వేగంతో ఒకేచోట తిరగడానికి రూపొందినదే. కదిలే బండిలో, వేగం క్షణక్షణం మారుతున్నప్పుడు దాని నుంచి వచ్చే పొగ ఎంతో ఏ ధ్రువపత్రమూ చెప్పదు.

ట్రాక్టర్ల ప్రమాణాలు మారిన తీరును కూడా గమనించాలి. 37 కిలోవాట్లు, అంటే సుమారు 50 అశ్వశక్తి దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి నాలుగో దశ ప్రమాణాలు అమలయ్యాయి. 37 నుంచి 56 కిలోవాట్ల తరగతిలో అంతకు ముందు కిలోవాట్ గంటకు 0.4 గ్రాములుగా ఉన్న ధూళి కణాల పరిమితి 0.025 గ్రాములకు, అంటే పదహారో వంతుకు తగ్గింది. ఇంజిన్ లోపలి మార్పులు ఒక్కటే దీనికి సరిపోవు. అధిక పీడనంతో ఇంధనాన్ని చిమ్మే వ్యవస్థ, దానిని నియంత్రించే ఎలక్ట్రానిక్ పరికరం, పొగ గొట్టంలోని శుద్ధి పరికరాలు అన్నీ కలిసి పనిచేస్తేనే ఆ అంకె వస్తుంది. అలాంటి ట్రాక్టరులో ఇంజిన్ దెబ్బతిన్నప్పుడు ‘పాత ఇంజిన్ అయితే మన మెకానిక్కే బాగుచేస్తాడు’ అని పాత మెకానికల్ పంపు ఇంజిన్ అమర్చుకుంటే పొగ విషయంలో ఒక తరం వెనక్కి పోయినట్లే. పైగా నడిచి తోలే యంత్రాలలో, పత్తి మొక్కలు భుజం ఎత్తు ఉన్నప్పుడు, పొగ గొట్టం తోలే మనిషి ముఖానికి మూడు నాలుగు అడుగుల దూరంలోనే ఉంటుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా ఈ ఒక్క కారణం చాలు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇంటివద్ద కార్ల ఇంజిన్లు మార్చుకునే అలవాటు చాలా కాలంగా ఉంది. అక్కడ ఆ అలవాటును నిషేధించకుండా షరతులకు లోబరిచారు. కొత్తగా వేసే ఇంజిన్ ఆ కారు తయారైన సంవత్సరానిది గానీ, అంతకన్నా కొత్తది గానీ కావాలి. ఆ ఇంజిన్‌తో మొదట వచ్చిన ఉద్గార నియంత్రణ పరికరాలన్నీ దానితోపాటే కారులోకి రావాలి. ఆ తరువాత ‘రెఫరీ’గా వ్యవహరించే ప్రభుత్వ నియమిత కేంద్రం పరిశీలించి చీటీ అంటిస్తుంది. బ్రిటన్‌లో ఒక్కొక్క వాహనాన్ని విడిగా పరీక్షించి ఆమోదించే పద్ధతి ఉంది. ఇవి కార్లకు ఉద్దేశించినవే అయినా వీటి సూత్రం మనకు పనికివస్తుంది. ఇంజిన్ మారవచ్చు, అయితే దానితో రావలసినవన్నీ రావాలి, ఒక అధీకృత వ్యక్తి కంటితో చూడాలి.

చట్టం ఆవిష్కరణను చంపుతోందని కొందరు సహచరులు అంటారు. ఆ మాటలో సగమే నిజం. వేల సంఖ్యలో తయారుచేసే కంపెనీ కోసం రూపొందిన ఆమోద విధానాన్ని ఒకే ఒక్క బండి చేసుకున్న రైతు భరించలేడన్నది వాస్తవం. అందుకని రోడ్డుపై ఎదురొచ్చే మనిషి భద్రతను వదులుకోమనడం సరికాదు. తక్కువ వేగంతో, ఊరి పరిధిలో, పగటిపూట మాత్రమే తిరిగే వ్యవసాయ యంత్రాలకు విడి పరీక్షా విధానం కావాలని విశ్వవిద్యాలయాలు కేంద్రాన్ని లిఖితపూర్వకంగా కోరాలి. బ్రేకులు, దీపాలు, స్టీరింగ్, పొగ, శబ్దం ఈ ఐదింటిని పరీక్షించే సామర్థ్యం మనకు కొత్తది కాదు. మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో, మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలున్నాయి. బాపట్ల, మడకశిర, సంగారెడ్డిలలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి. రైతు బండిని ప్రాథమికంగా పరిశీలించి, లోపాలు చెప్పి, సరిదిద్దించి పంపే పని ఈ కళాశాలలు చేయగలవు.

ఆ మార్పు వచ్చే వరకు మనం ఇవ్వవలసిన సలహా సూటిగా ఉండాలి. ఇంజిన్ మార్చి కూర్చిన యంత్రాన్ని రిజిస్ట్రేషన్ ఉన్న ట్రాలీ మీద ఎక్కించి పొలానికి చేర్చమనాలి. సాధ్యమైన చోట కొత్త బండి చేయడం కన్నా, రిజిస్టరైన ట్రాక్టరుకో పవర్ టిల్లరుకో తగిలించే పనిముట్టుగా అదే ఆలోచనను మలచమనాలి. అప్పుడు ఇంజిన్ ప్రశ్నే రాదు. మేళాలో అలాంటి యంత్రం పెట్టినప్పుడు ‘పొలంలో వాడకానికి మాత్రమే’ అన్న బోర్డు ధర బోర్డంత పెద్దదిగా ఉండాలి.

మోటారు సైకిలును కోసి గుంటక చేసిన రైతు ఆ సైకిలు రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయించుకోవాలి. ఇక వాడకానికి పనికిరాని వాహనం గురించి 14 రోజులలో తెలియజేయాలని సెక్షన్ 55 చెబుతోంది. అయినా రద్దు చేయించుకున్న వారు అరుదు. సంతలో సి-బుక్ లేకుండా చౌకగా వచ్చిన బండి ఎవరిదో, ఎలా వచ్చిందో తెలియకుండానే దాని పక్కన నిలబడి ఫొటో దిగి వార్షిక నివేదికలో వేసుకోవడం మనకు తగదు.

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో విద్యార్థులు పూరించే సర్వే పత్రంలో రైతు యంత్రాల భాగానికి నాలుగు గడులు చేర్చాలని నా సూచన: ఇంజిన్ ఎక్కడిది, పత్రాలున్నాయా, రోడ్డు మీద ఎంత దూరం తిరుగుతుంది, బీమా ఉందా. ఒక్క సీజన్‌లో నింపితే, కేంద్రానికి రాసే ఉత్తరంతో జతచేయడానికి కావలసిన వివరాలు మన చేతిలో ఉంటాయి.