ఈశాన్యం సరే, అడుగున ఏముంది?

కిందటి నెల మా మేనల్లుడు ఫ్లాట్ చూద్దాం రమ్మంటే బాలానగర్ వైపు వెళ్లాను. అక్కడింకా పునాదులు కూడా పడలేదు. రేకుల షెడ్డులో ఏసీ, గాజు పెట్టెలో బొమ్మ టవర్లు. బ్రోకరు కుర్రాడు చురుకైనవాడు. తూర్పు గుమ్మం, ఆగ్నేయంలో వంటిల్లు, ఈశాన్యంలో సంపు, నైరుతిలో పెద్ద పడకగది, అన్నీ వేలు పెట్టి చూపించాడు. “ఇంతకుముందు ఈ జాగాలో ఏముండేది బాబూ?” అన్నాను.

“ఏదో కంపెనీ ఉండె సార్, మూతపడి మస్తు ఏండ్లయింది.”

“ఏం తయారుచేసేవాళ్లు?”

“అది తెల్వద్ సార్. రోడ్డయితే అరవై ఫీట్లు.”

వాస్తు పేరు చెప్పి గోడలు పగలగొట్టించే మన జనానికి ఒక సంగతి గుర్తున్నట్టు లేదు. ఆ శాస్త్రం మొదలయ్యేది దిక్కులతో కాదు, భూపరీక్షతో. నేల రంగు చూడమంది, వాసన చూడమంది, రుచి చూడమంది. గొయ్యి తవ్వి, తీసిన మట్టినే మళ్లీ పోసి, మిగిలితే మంచి నేల, చాలకపోతే వదిలేయమంది. దిక్కుల్ని పట్టుకుని మట్టిని వదిలేశాం. ఇప్పుడు రుచి చూడమని నేనెవరికీ చెప్పను లెండి. కాటేదాన్ ఫ్యాక్టరీల మట్టి నోట్లో వేసుకోమంటే హత్యాయత్నం కేసు పెడతారు.

ఇదంతా ఎందుకంటే, 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హిల్ట్ పాలసీ తెచ్చింది. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు లోపల, దాని అంచున ఉన్న 22 పారిశ్రామికవాడల్లో దాదాపు 9,292 ఎకరాల్ని ఇళ్లకు, ఆఫీసులకు, బడులకు మార్చుకోవచ్చు. భూమి ఉన్నవాళ్లు రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, 80 అడుగులో అంతకు మించో ఉన్న రోడ్డు పక్కనైతే 50 శాతం డెవలప్‌మెంట్ ఇంపాక్ట్ ఫీజు కట్టాలి. కారుచౌకగా కట్టబెడుతున్నారు, కుంభకోణమని ప్రతిపక్షం. కాదు, ఖజానాకు ఆదాయం, ఊరికి ఊపిరి అని ప్రభుత్వం. అసెంబ్లీలో, టీవీల్లో, చాయ్ హోటళ్లలో గొడవంతా గజం ఎంత అన్నదాని చుట్టే తిరిగింది. మట్టి మాట నా చెవిన పడలేదు.

ఇళ్ల మధ్య నుంచి ఫ్యాక్టరీలు బయటికి పోవాలన్న ఆలోచనతో నాకు పేచీ లేదు. అర్ధరాత్రి జీడిమెట్ల వాసనకు కిటికీలు మూసుకున్నవాళ్లెవరూ పేచీ పెట్టరు. అయితే ఫ్యాక్టరీ సామాను సర్దుకుని పోతుంది. అది నలభై ఏళ్లు నేలలోకి వదిలింది మాత్రం పోదు.

ఏం వదిలిందో ఎవరికీ తెలియదనడానికీ లేదు. ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు మట్టినీ, కాటేదాన్ మట్టినీ తీసి పరీక్షించి భారలోహాలు ఉన్నాయని ఎప్పుడో పేపర్లు రాశారు. బాలానగర్ మట్టి మీదా అలాంటి పరిశోధన అచ్చయింది. ప్లేటింగ్ షాపుల క్రోమియం నీటిలో కరిగి బోర్లలోకి దిగుతుంది. మందుల కంపెనీలు వాడే కొన్ని సాల్వెంట్లు నీటికన్నా బరువు. అవి నేలలో కిందికి, ఇంకా కిందికి పోతాయి. మన అడుగున ఉన్నది గ్రానైట్. దాని పగుళ్లు ఎటు తిరిగితే విషం అటు పారుతుంది. ప్లాటుకు ప్రహరీ ఉన్నట్టు పగుళ్లకు ప్రహరీ ఉండదు.

ఇక మూడు అంతస్తుల సెల్లార్ తవ్వుతారు. ఆ మట్టి రాత్రికి రాత్రి టిప్పర్లెక్కి ఎక్కడో పల్లం పూడ్చడానికో చెరువు శిఖంలోకో పోతుంది. గోతిలో ఊరిన నీళ్లు మోటారు పెట్టి నాలాలోకి తోడేస్తారు. ఒకచోట ఉన్న విషాన్ని నాలుగు చోట్లకు పంచిపెట్టి, మన టవర్ కింద శుభ్రమైందనుకుంటాం.

శుభ్రం చేయడం కుదరని పనేం కాదు, ఖర్చుతో కూడిన పని. తవ్విన మట్టిని దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి టన్నుల లెక్కన పంపాలి, లేదా అక్కడే కడగాలి, లేదా గట్టిగా కప్పి ఏళ్ల తరబడి బోర్ల నీళ్లు పరీక్షిస్తూ ఉండాలి. ఆ డబ్బు ఎవరు పెట్టాలి? పాడుచేసినవాడే అంటుంది చట్టం. వినడానికి బాగుంటుంది. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిఛ్రీ అనే ఊరుంది. అక్కడి బావుల్ని ఎర్రగా మార్చిన రసాయన కంపెనీలే శుభ్రానికి డబ్బు కట్టాలని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. ఆ లెక్క 37 కోట్ల పైచిలుకు. కట్టలేదు. 2011లో అదే కోర్టు వడ్డీతో సహా కట్టమని మళ్లీ చెప్పాల్సొచ్చింది. ఆ కేసు వేసిన సంస్థే 1990లో పటాన్‌చెరు కాలుష్యం మీద కూడా సుప్రీంకోర్టుకెక్కింది. ఆ కేసు అక్కడా ఇక్కడా తిరిగి గ్రీన్ ట్రిబ్యునల్‌లో తీర్పు వచ్చేసరికి 2017. ఈలోపు చేతులు మారిన కంపెనీలెన్ని, పేర్లు మారినవెన్ని!

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకని నియమాలు ప్రకటించింది. అనుమానమున్న స్థలాల జాబితాను ఆరు నెలలకోసారి జిల్లా యంత్రాంగం పంపాలి. కాలుష్య నియంత్రణ మండలి పరీక్ష చేయించాలి. పాడుచేసినవాణ్ని పట్టుకుని ఖర్చు రాబట్టాలి. వాడు దొరక్కపోతే కేంద్రం, రాష్ట్రం కలిసి భరించాలి. అప్పటికి దేశం మొత్తం మీద గుర్తించినవి 103 స్థలాలు, శుభ్రం చేసే పని మొదలైంది ఏడింటిలో. మనకు అప్పు తెచ్చిన అనుభవం కూడా ఉంది. 2010లో ప్రపంచ బ్యాంకు సాయంతో చేపట్టిన పథకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి నమూనాగా ఎంచినవి కడప చెత్త దిబ్బ, కాటేదాన్ పక్కనున్న నూర్ మహమ్మద్ కుంట. కుంటలోకి వచ్చింది ఫ్యాక్టరీల మురుగు, అప్పు ప్రజలది.

అసలు గుణపాఠం టోక్యోలో ఉంది. అక్కడి మహానగర ప్రభుత్వం పేరుమోసిన సుకిజీ చేపల మార్కెట్‌ను తొయొసుకు తరలిద్దామని 2001లో నిర్ణయించింది. అది పాత గ్యాస్ ఫ్యాక్టరీ స్థలం. 2008లో పరీక్షిస్తే బెంజీన్ ప్రమాణానికి 43,000 రెట్లు తేలింది. మట్టి శుభ్రానికి దాదాపు 8,600 కోట్ల యెన్లయ్యాయి. గ్యాస్ కంపెనీ ఇచ్చింది 780 కోట్ల యెన్లు. మిగతాది టోక్యో ప్రభుత్వం నెత్తిన పడింది. తీరా చూస్తే, భవనాల కింద పోశామన్న శుభ్రమైన మట్టి పోయనేలేదని 2016లో బయటపడింది. గవర్నర్ తరలింపు ఆపేసిందీ ఆ ఏడాదే. మార్కెట్ తెరిచింది 2018 అక్టోబరులో. అంత డబ్బున్న, అంత క్రమశిక్షణ ఉన్న ఊరికే ఆ గతి పట్టింది, ఎందుకంటే బేరం కుదిరినప్పుడు మట్టి ఖర్చు ఎవరిదో ముడివేసుకోలేదు.

అమెరికా మున్సిపాలిటీలకు ఇంకో అలవాటుంది. ముందు మట్టి పరీక్షకు కేంద్రం నుంచి గ్రాంటు తెచ్చుకుంటాయి. తరవాత, శుభ్రం చేశాక అక్కడ పెరిగే ఆస్తిపన్నులో ఆ పెరుగుదల వరకు కొన్నేళ్లు వేరే ఖాతాలో వేసి పెట్టిన ఖర్చు రాబట్టుకుంటాయి. మన కార్పొరేషన్లు ఆస్తిపన్నును జీతాలకు, రోడ్ల గుంతలకు చాలక సాగదీస్తున్నాయి. పదేళ్ల తరవాత వచ్చే పన్ను మీద ఆశ పెట్టుకోమంటే నవ్వుతాయి. కాకపోతే మన చేతిలో అంతకన్నా మంచి అవకాశం ఉంది. హిల్ట్ ఫీజు ముందే వస్తుంది.

ఒక లెక్క చూడండి. రిజిస్ట్రేషన్ విలువ గజానికి పదివేలే అనుకుందాం. ఎకరం, అంటే 4,840 గజాలు, 4 కోట్ల 84 లక్షలు. 30 శాతం ఫీజంటే కోటీ 45 లక్షలు. అందులో పదో వంతు పక్కన పెడితే ఎకరానికి 14 లక్షల పైన. పరీక్షకు చాలు, చాలా చోట్ల చిన్నాచితకా శుభ్రానికీ పనికొస్తుంది. ఆ డబ్బు ఖజానా సముద్రంలో కలవకూడదు. ప్లాటు ఏ కార్పొరేషన్ పరిధిలో ఉంటే దాని పేరిట, మట్టి పనికి తప్ప మరోదానికి తీయడానికి వీల్లేని ఖాతాలో పడాలి. ఎందుకంటే రేపు ఏ అపార్ట్‌మెంట్ బోరులో పచ్చనీళ్లొచ్చినా జనం ఖాళీ బిందెలతో వెళ్లేది సెక్రటేరియట్‌కు కాదు, వార్డు ఆఫీసుకు.

పరీక్ష రిపోర్టు చూడకుండా మార్పిడికి అనుమతి ఇవ్వకూడదు. పదో వంతుకు మించిన ఖర్చు తేలితే భూమి యజమాని కట్టాలి. నలభై ఏళ్లు వాడుకున్నవాడూ వాడే, ఇప్పుడు ధర పెరిగితే లాభపడేవాడూ వాడే. ఇలా చేస్తే పెట్టుబడులు పారిపోతాయని బిల్డర్లంటారు. ఈశాన్యం మూల కాస్త తెగిందంటే ప్లాన్లన్నీ తిరగరాసే ఓపిక ఉన్నవాళ్లకు మట్టి పరీక్ష బరువవుతుందంటే నేను నమ్మను.

మా మేనల్లుడు ఆ ఫ్లాటుకు ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదు. మట్టి రిపోర్టు కావాలని అడిగితే బ్రోకరు కుర్రాడు పిల్లర్లకు నేల బలం చూసే రిపోర్టు పంపాడు. అది మోసే శక్తి చెబుతుంది, విషం సంగతి చెప్పదు. మీరూ అటువైపు ఇల్లు చూస్తుంటే, అక్కడ ముందు ఏ ఫ్యాక్టరీ ఉండేదో రాతపూర్వకంగా అడగండి. భారలోహాలకు, సాల్వెంట్లకు చేయించిన మట్టి పరీక్ష, బోరు నీటి పరీక్ష చేతికి వచ్చేదాకా చెక్కు మీద సంతకం పెట్టకండి.